కొమ్ము పూడిన టీ కూజా

డిసెంబరు వచ్చిందంటే ఆ ఊళ్ళో మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వెలిగించుకోవాలి. నది మీద లేచిన పొగమంచు వంతెన దాటి, మిట్ట మీద ఇటుక ఇళ్ళ వరుస దాకా పాకి, పందొమ్మిదో నంబరు ఇంటి వంటగది కిటికీకి తడిగుడ్డలా అంటుకుని ఉంది. లోపల ముగ్గురమ్మాయిలు ఉన్నారు. ముగ్గురూ యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతున్నారు. సెలవులు మొదలయ్యాయి. హెస్టర్ మిగిలిన ఒకే ఒక్క శుభ్రమైన పళ్ళెంలో బీన్సు వేసుకుని తింటోంది. పిప్పా తన పెట్టెను మెట్ల మీద నుంచి దడదడలాడిస్తూ దింపుతోంది. టాంసిన్ బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాస్తోంది.

సెలవులకు ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచంతా కరిగించి, తుడిచి, తాళాలు చేతికివ్వాలని ఇంటి యజమానురాలు మిసెస్ ఆక్రాయిడ్ షరతు. ఆమె రేపు పొద్దున పదింటికి వస్తుంది. అంటే ముగ్గురిలో ఒకరు ఈ రాత్రికి ఉండిపోవాలి.

"రాస్తున్నావా, లేక చీటీలు కూడా నీ వ్యాసంలాగే వచ్చేవారానికి వాయిదానా?" అంది పిప్పా.

"రాశానే తల్లీ. ఆ పెట్టెతో నా కాలు తొక్కడం ఆపితే మడత కూడా పెడతాను."

"నా పేరు వచ్చిందంటే నన్ను కూడా ఆ ఫ్రీజర్లోనే పెట్టి మూత వేసి వెళ్ళిపోండి. మా నాన్న రాత్రికి మా ఊరి స్టేషనుకు వస్తానన్నాడు," అంది హెస్టర్ నోటినిండా బీన్సుతో.

టాంసిన్ మూడు పేర్లు రాసింది. మూడు వేర్వేరు పేర్లే రాసింది. ఈసారి ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాసింది. చీటీలను చుట్టి, గోధుమరంగు మట్టి టీ కూజాలో వేసి, మూతపెట్టి కుదిపింది. బాత్రూము ఎవరు కడగాలన్నా, చెత్త ఎవరు బయట పెట్టాలన్నా ఆ ఇంట్లో చీటీ తీయవలసిందే. చీటీలు ఆ కూజాలోనే వేయవలసిందే. టీ కాయడానికి అది పనికిరాదు. కొమ్ములో ఏదో అడ్డుపడి ఏడాది నుంచి చుక్క చుక్కగానే కారుతోంది.

పిప్పా కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి విప్పింది.

"టాంసిన్! ఏడవకు. న్యాయంగా వచ్చింది."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. హెస్టర్ పళ్ళెంలోకి చూసింది. పిప్పా చీటీని నలిపి చెత్తబుట్టలో పడేసింది. పది నిమిషాల తరువాత వాళ్ళిద్దరినీ ఎక్కించుకున్న టాక్సీ పొగమంచులో కలిసిపోయింది. టాంసిన్ ఫ్రీజర్ తలుపు తెరిచి, కింద గిన్నె పెట్టింది. టప్... టప్... అని నీళ్ళు పడటం మొదలైంది.

*

ఇల్లు చూసుకోవడమన్నది అక్కడ ఒక విచిత్రమైన తొందర. మొదటి సంవత్సరం అందరూ యూనివర్సిటీ హాస్టల్లోనే ఉంటారు. రెండో ఏడు ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవాలి. సెప్టెంబరులో వచ్చిన పిల్లలు ఒకరి ఇంటిపేరు ఒకరికి నోరు తిరగకముందే, నవంబరు వచ్చేసరికి, పై ఏడాది ఎవరితో కలిసి ఉండాలో తేల్చుకుని సంతకాలు చేసేస్తారు. ఆలస్యమైతే మంచి ఇళ్ళన్నీ పోతాయని ఎవరో అంటారు. అందరూ పరుగెడతారు. ఆ పరుగులో ఎవరో ఒకరు మిగిలిపోతారు.

నిరుడు నవంబరులో, హాస్టల్లో, వాళ్ళు నలుగురు. ఆ నాలుగో అమ్మాయి పేరు నెరిస్ ప్రోబర్ట్, వేల్స్ కొండప్రాంతం నుంచి వచ్చింది. ఎప్పుడూ బుగ్గలో ఘాటు పుదీనా బిళ్ళ ఉండేది. ఆమె వచ్చిన సంగతి మనిషికంటే ముందు ఆ వాసనే చెప్పేది. టాంసిన్‌కు మొదటివారంలోనే జ్వరమొచ్చినప్పుడు మూడు రాత్రులు పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. కాకపోతే రాత్రిళ్ళు దగ్గుతుంది, ఎక్కడికెళ్తున్నారని అడుగుతుంది, పిలవకపోయినా వస్తుంది. పిప్పాకు ఆ అమ్మాయి అంటే విసుగు.

పందొమ్మిదో నంబరులో మూడు పడకగదులు. మెట్ల పైన ఇంకొక చిన్నగది. "సన్నటి మంచం వేస్తే నాలుగో పిల్ల కూడా ఇమిడిపోతుంది," అంది మిసెస్ ఆక్రాయిడ్ ఇల్లు చూపించిన రోజు. ఆ రోజు నెరిస్ రాలేదు. చిన్నగది సంగతి ఆమెకు చెప్పవద్దని దారిలోనే అనుకున్నారు.

"ముగ్గురికే చోటుంది. చీటీలు వేద్దాం. ఎవరి పేరు వస్తే వాళ్ళు తప్పుకోవాలి," అంది పిప్పా ఆ సాయంత్రం. టాంసిన్ గదిలో ఒంటరిగా కూర్చుని నాలుగు చీటీలు రాసింది. నాలుగింటి మీదా ఒకే పేరు రాసింది. బాల్‌పెన్నుతో, గట్టిగా, నెరిస్ అని. చుట్టి, ఈ టీ కూజాలోనే వేసింది.

నెరిస్ అప్పుడు బల్లకు అవతల కూర్చుని నవ్వింది. "మా అమ్మమ్మ ఏమనేదో తెలుసా? దొంగచీటీ వేస్తే, ఆ చీటీలు రాసిన చేతి పేరు వచ్చేదాకా ఆట ఆగదట. అందుకని న్యాయంగా వెయ్యండర్రా!"

టాంసిన్ చీటీ తీసింది. నెరిస్ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మళ్ళీ సర్దుకుని, "చీటీ కదా... ఎవరిననుకుంటాం?" అంది. మిగిలిన మూడూ ఎవరైనా విప్పి చూస్తారేమోనని పిప్పా గబగబా కూజాలో మరుగునీళ్ళు పోసి, "రండి, టీ తాగుదాం," అంది. ఆ టీ నలుగురూ తాగారు.

నెరిస్‌కు ఆఖరికి నది అవతల ఒక పాత ఇంటి నేలమాళిగలో ఒంటిగది దొరికింది. ఈ అక్టోబరులో ఒకరోజు రెండు క్లాసులకు రాకపోతే ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు తలుపు పగలగొట్టారు. పాత బాయిలర్ నుంచి గదిలోకి విషవాయువు వచ్చింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టి మోగవలసిన గోడ అలారంలో బ్యాటరీ లేదు. నిద్రలోనే పోయిందన్నారు. పోయిన మనిషిలా లేదట. అప్పుడే చలిలో నడిచి వచ్చినట్టు బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయట.

*

నాలుగున్నరకు ఎవరో తలుపు తట్టారు.

గడపలో పొట్టిగా, తడిసిన ఉన్నికోటులో ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి. "నువ్వు టాంసిన్‌వి కదూ, తల్లీ? ఫోటోలో చూశాను. నేను నెరిస్ అమ్మను. మైర్‌ను."

టాంసిన్ పక్కకు జరిగి దారిచ్చింది. "లోపలికి రండి, మిసెస్ ప్రోబర్ట్."

మైర్ కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది. కూతురి సామాను తీసుకుపోవడానికి వచ్చిందట. ఆరున్నరకు రైలు. ఇచ్చిన టీకప్పును రెండు చేతులతో పట్టుకుంది కాని తాగలేదు.

"నీ గురించి ఎప్పుడూ చెప్పేది. టాంసిన్‌కు జ్వరం, టాంసిన్‌కు పరీక్ష, టాంసిన్ ఇలా నవ్వింది... ఒక్కమాట అడగనా, బంగారూ? కోపం తెచ్చుకోవు కదా?"

"అడగండి."

"చీటీలు వేశారని చెప్పింది. నా అదృష్టం బాగాలేదు, ఎవరినీ అనకమ్మా, అంది. నేను ఎవరినీ అనడంలేదు. తెలుసుకుంటే నాకు నిద్రపడుతుంది, అంతే. అది నిజంగా చీటీయేనా?"

టప్... టప్... ఫ్రీజర్ కింద గిన్నె నిండుతోంది. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది. కాని చెబితే ఆ కళ్ళు తనవైపు ఎలా చూస్తాయో టాంసిన్‌కు కనబడింది.

"చీటీయేనండి."

"ఇంట్లో ఇంకో గది కూడా లేదు, పాపం."

"లేదండి."

కీచ్.

పైనుంచి వచ్చింది ఆ చప్పుడు. పిట్టపిల్ల ఒక్కసారి అరిచి ఊరుకున్నట్టు. మైర్ తలెత్తి చూసింది. "పైన ఎవరైనా ఉన్నారా?"

"లేరండి. గ్యాసు అలారం, బ్యాటరీ అయిపోవస్తే అలాగే కూస్తుంది." అప్పుడు గుర్తొచ్చినదానిలా లేచింది టాంసిన్. "నెరిస్ శాలువా ఒకటి నా దగ్గరుండిపోయింది. తెచ్చిస్తాను."

శాలువా చిన్నగదిలో ఉంది. ముగ్గురి పాతకోట్లూ, బూట్లూ, పెట్టెలూ పడేసే గది అది. దీపం వెయ్యకుండానే చెయ్యి పెట్టి, తడుముకుని, శాలువా లాక్కుని దిగింది. ఆమె దిగేసరికి మైర్ తొట్టి దగ్గర నిలబడి కప్పులన్నీ కడిగేసి ఉంది. బల్ల మీద ఆ టీ కూజా బోర్లించి ఉంది.

"ఊరికే కూర్చోలేను, ఏమనుకోకు. కొమ్ము పూడిపోతే జడపిన్నుతో పొడిచాను. ఇప్పుడు బాగా పోస్తుంది. లోపలున్న చీటీలు అదిగో, అక్కడ పెట్టాను."

ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. శాలువాను ముక్కుకు ఆనించుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది. ఎడమ పిడికిలి మాత్రం బిగించే ఉంది. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. గడప దగ్గర ఆగి, ఒక కాగితం మీద నంబరు రాసిచ్చింది.

"ఏదైనా గుర్తొస్తే ఫోను చెయ్యి తల్లీ. ఎప్పుడైనా సరే. ఒంటరిగా ఉన్నావు, తలుపులు బాగా బిగించుకో."

*

ఆమె వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. టాంసిన్ గిన్నెలో నీళ్ళు పారబోసింది. ఫ్రీజర్ అడుగు తుడిచింది. చెత్తబుట్టలో వేద్దామని బల్ల మీది చీటీలు చేతిలోకి తీసుకుంది. పిప్పా ఒకటి తీసింది కనుక రెండు మిగలాలి. రెండే ఉన్నాయి. ఒకటి విప్పింది.

టాంసిన్.

రెండోది విప్పింది.

టాంసిన్.

మొదట ఆమెకు వచ్చింది భయం కాదు, కోపం. వెంటనే ఫోను తీసింది. రైల్లో ఉంది కాబోలు, పిప్పా గొంతు వెనక చక్రాల మోత వినబడింది.

"సిగ్గు లేదుటే నీకు? నా మీద కూడా అదే నాటకమా? అన్నీ నా పేర్లే!"

"పిచ్చెక్కిందా నీకు? చీటీలు రాసింది నువ్వు. చుట్టింది నువ్వు. నేను చెయ్యి పెట్టి తీశాను, అంతే."

"నువ్వు మార్చి ఉంటావు."

"ఎప్పుడే? పెట్టె మోస్తూనా? రాత ఎవరిదో చూడు ముందు."

టాంసిన్ చూసింది. ఇంగ్లీషు 'టి' పైగీతను పక్కకు లాగడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఆ గీత అక్కడ ఉంది. బాల్‌పెన్నును గట్టిగా ఒత్తిన గుంట వెనకవైపు వేలికి తగులుతోంది. ఆ రాత తనదే.

"పిప్పా... మైర్ వచ్చి వెళ్ళింది. నెరిస్ వాళ్ళమ్మ. కొమ్ములో..."

"ఏంటి? ఎవరు నవ్వుతున్నారే అక్కడ? హెస్టర్ కూడా నా పక్కనే ఉంది. ఎవరున్నారు నీతో?"

ఫోను ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. ఛార్జరు పెట్టెలో ఉంది. పెట్టె చిన్నగదిలో ఉంది.

కీచ్.

మెట్ల మలుపులో గోడకున్న అలారం ఆకుపచ్చ దీపంతో నిమ్మళంగా వెలుగుతోంది. చప్పుడు దానిది కాదు. వంటగదిలో బాయిలర్ మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. మధ్యాహ్నమే పిప్పా ఆపేసింది కదా. మరి మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టుకూ గాలి వేడెక్కుతోందెందుకు? తల పక్కల ఎవరో బొటనవేళ్ళతో నొక్కుతున్నట్టుంది. వెళ్ళిపోదామనుకుంది. ఎక్కడికి వెళ్ళాలన్నా, ఎవరిని పిలవాలన్నా ముందు ఫోను బతకాలి.

చిన్నగదిలో దీపం వేసింది. కోట్ల గుట్ట. బూట్లు. పెట్టె. ఛార్జరు తీసి గోడకు తగిలించింది. తెర వెలిగేదాకా మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పుడు వాసన తగిలింది.

ఘాటుగా, చల్లగా... పుదీనా.

వెనక తలుపు మెల్లగా దగ్గరకు పడింది. ఎవరూ తోయలేదు. ఎవరూ విసరలేదు. నిద్రపోతున్న పిల్లను లేపకుండా వేసినట్టు పడింది.

కోట్ల గుట్ట మీద నెరిస్ కూర్చుని ఉంది.

ఆరోగ్యంగా ఉంది. అదే భయంకరం. బుగ్గలు ఎర్రగా, పెదవులు ఎర్రగా... ఒళ్ళో టీ కూజా. మూత తీసి ఉంది.

"గది బాగుందే," అంది గుసగుసగా. "నాకు సరిపోయేది."

టాంసిన్ తలుపు పిడి పట్టుకుంది. అది తిరగలేదు. వేళ్ళలో బలం లేదు.

"తియ్యి."

"నెరిస్... నన్ను క్షమించు..."

"నాకు కాదు చెప్పవలసింది. మా అమ్మ అడిగింది. రెండుసార్లు అడిగింది." కూజా కుదిపింది. లోపల కాగితాలు గలగలలాడాయి. "తియ్యి, టాంసిన్. చీటీయే కదా. ఎవరిననుకుంటాం?"

ఫోను తెర వెలిగింది. కళ్ళ ముందు అంకెలు ఈదుతున్నాయి. మైర్ ఇచ్చిన కాగితం చూసి, ఒక్కొక్క అంకే నొక్కింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి మోగింది.

"హలో?"

"మిసెస్ ప్రోబర్ట్... నేను అబద్ధం చెప్పాను. చీటీలు అన్నీ నెరిస్ పేరే. నేనే రాశాను. ఇంకో గది ఉంది. ఇదే... ఇందులోనే ఉన్నాను. మీరు నన్ను ఏమన్నా అనండి... ఎవరినైనా పంపండి... ఊపిరి ఆడటం లేదు..."

అవతల రైలు చక్రాల చప్పుడు.

"తెలుసమ్మా," అంది మైర్. "కొమ్ములోంచి రెండొచ్చాయి. రెండూ నా బిడ్డ పేరే. నువ్వే చెబుతావేమోనని గడప దగ్గర ఆగాను. చెప్పలేదు."

"తలుపు రావడం లేదు... దయచేసి..."

"ఆగు. పోలీసులకు..." ఆ గొంతు తెగిపోయింది. "ఎవరది? నీ పక్కన దగ్గుతున్నది ఎవరు?"

కోట్ల మీద నెరిస్ దగ్గుతోంది. హాస్టల్లో రాత్రిళ్ళు దగ్గినట్టే, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని. దగ్గి, చిన్నగా నవ్వింది.

"నెరిస్?" అంది మైర్. ఆ ఒక్క పేరులో రెండు నెలల ఏడుపూ ఉంది. "నెరిస్... నా తల్లీ... అది నువ్వేనా?"

"మిసెస్ ప్రోబర్ట్, పోలీసులు..."

"ఫోను పెట్టెయ్యకు."

"చచ్చిపోతానండీ..."

"పెట్టెయ్యకు టాంసిన్. నీకు దణ్ణం పెడతాను. ఇంకొంచెంసేపు... ఇంకొంచెంసేపు విననియ్యి."

టాంసిన్ గుట్ట మీదికి ఒరిగిపోయింది. కోట్లు మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. ఆమె నుదుటి మీద ఎవరో తడిగుడ్డ వేశారు. చెవి పక్కన పుదీనా ఊపిరి తగిలింది. కూజా ఆమె చేతికి తగిలింది. చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్ళింది.

కీచ్... కీచ్... కీచ్...

*

మిసెస్ ఆక్రాయిడ్ మర్నాడు పదింటికి తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. ఫ్రీజర్ అద్దంలా తుడిచి ఉంది. బాయిలర్ రాయిలా చల్లబడి ఉంది. తరువాత వచ్చిన గ్యాసు మనిషి కూడా ఇంటిలో ఎక్కడా విషవాయువు జాడ లేదనే చెప్పాడు. బల్ల మీద టీ కూజా ఉంది. అందులో కొత్తగా చుట్టిన చీటీలు రెండు ఉన్నాయి. పిల్లల ఆటలు అనుకుని వాటిని ఆమె విప్పలేదు.

పైన చిన్నగది తలుపు ముట్టుకోగానే తెరుచుకుంది. కోట్ల మీద టాంసిన్ పక్కకు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయి. లేపబోయి, ఒళ్ళు చల్లగా తగిలేసరికి, ఆవిడ వెనక్కి తగ్గింది. టాంసిన్ పక్కనున్న కోట్లలో ఇంకో మనిషి పడుకున్నంత మేర పల్లం పడి ఉంది. ఆ పల్లం ఇంకా వెచ్చగా ఉంది.

టాంసిన్ చెవి దగ్గర ఫోను వెలుగుతూనే ఉంది. పదిహేను గంటలుగా ఆ పిలుపు తెగలేదు. మిసెస్ ఆక్రాయిడ్ దాన్ని అందుకుని, "ఎవరండీ? ఎవరు మాట్లాడేది?" అంది.

అవతల ఎవరో జోలపాట కూనిరాగం తీస్తున్నారు. అది ఆగింది.

"ష్ష్..." అంది ఒక ఆడగొంతు. "మెల్లగా. ఇప్పుడే పడుకున్నారు ఇద్దరూ."